కంటి శుక్లం: ఆపరేషన్ ఎప్పుడు చేయించుకోవాలి?

ఈ పాఠం చదవడం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ కుడి అరచేతిని కుడి కంటికి అడ్డంగా పెట్టుకోండి. కన్ను నొక్కకూడదు, చూపును మాత్రమే అడ్డుకోవాలి. ఇప్పుడు ఎడమ కంటితో ఎదుటి గోడమీద ఉన్న క్యాలెండరులోని అంకెలను చూడండి. తరువాత ఎడమ కన్ను మూసి కుడి కంటితో అవే అంకెలను చూడండి. మీకు కళ్ళద్దాలుంటే పెట్టుకునే చూడాలి. రెండు కళ్ళకూ తేడా ఏమైనా కనిపించిందా? మీ వయసు నలభై లోపైతే, ఇంట్లో యాభై దాటిన వారెవరి చేతనైనా ఈ పని చేయించండి.

మా వీధిలో బట్టలు కుట్టే ఒకావిడ ఉన్నారు. వయసు 54. ఇదే పని ఆవిడ చేత చేయిస్తే ఎడమ కంటితో అంకెలు చదివారు. కుడి కంటికి వచ్చేసరికి "క్యాలెండరు ఎక్కడుంది?" అన్నారు. ఆ కన్ను మసకబారి ఎంతకాలమైందో ఆవిడకే తెలియదు. రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు మంచి కన్ను రెండోదాని లోటును కప్పిపుచ్చుతుంది. అందువల్ల శుక్లం ఒక కంటికి ముందు వచ్చినప్పుడు చాలామందికి సంగతి ఆలస్యంగా తెలుస్తుంది.

ఆవిడను పరీక్షించిన వైద్యురాలు రెండు కళ్ళకూ శుక్లం ఉందని, కుడి కంటికి ఎక్కువగా ఉందని చెప్పారు. "ఆపరేషన్ చేయవచ్చు. చేయించుకోవాలో వద్దో, ఎప్పుడో మీరు ఆలోచించుకుని చెప్పండి" అన్నారు. ఆవిడ అయోమయంలో పడ్డారు. వైద్యులు "చేయించుకో" అనో "అక్కర్లేదు" అనో చెప్పాలి గాని, మనల్ని ఆలోచించుకోమనడమేమిటి? ఈ పాఠంలో ఆ ప్రశ్నకు జవాబు వెతుకుదాం.

శుక్లం అంటే ఏమిటి?

మన కంటి నల్లగుడ్డు మధ్యలో ఉండే చిన్న రంధ్రమే కంటిపాప. దాని వెనుక ఒక కటకం ఉంటుంది. దీన్నే లెన్సు అంటున్నాం. పెద్దవారిలో ఇది అడ్డంగా 9 నుంచి 10 మిల్లీమీటర్లు, మందం 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. బయటి వెలుతురును కంటి వెనుక గోడ అయిన రెటీనామీద కేంద్రీకరించడం దీని పని. ఇందులో ఉండేది ముఖ్యంగా నీరు, మాంసకృత్తులు. మాంసకృత్తుల అణువులు క్రమపద్ధతిలో అమరి ఉన్నంతకాలం లెన్సు అద్దంలా పారదర్శకంగా ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అవి ఒకదానికొకటి అతుక్కుని గుంపులు కడతాయి. అప్పుడు లెన్సు మసకబారుతుంది. అదే శుక్లం.

కోడిగుడ్డు తెల్లసొనను గుర్తు తెచ్చుకోండి. పచ్చిగా ఉన్నప్పుడు దాని గుండా అవతలి వస్తువు కనిపిస్తుంది. ఉడికిన తరువాత కనిపించదు. ఉడికిన తెల్లసొనను మళ్ళీ పచ్చిసొనగా మార్చగలరా? మార్చలేరు. మసకబారిన లెన్సు సంగతీ అంతే. శుక్లాన్ని కరిగించే చుక్కల మందు గాని, మాత్ర గాని నేటివరకు లేదు. తేనె, ఆకుపసరు, తల్లిపాలు కంట్లో వేయడం వల్ల శుక్లం తగ్గకపోగా కంటికి చీము పట్టే ప్రమాదం ఉంది.

మనవాళ్ళు "కంట్లో పొర వచ్చింది" అంటారు. ఈ మాట వింటే కంటిమీద పెరిగిన చర్మంలాంటిదేదో ఊడదీయవచ్చు అనిపిస్తుంది. శుక్లం అలాంటి పొర కాదు. కంటి లోపల, పాప వెనుక ఉండే లెన్సే మసకబారింది. వాడుకలో కలగాపులగమయ్యే మరికొన్ని మాటలను కూడా ఇక్కడే విడదీసుకుందాం. దెబ్బ తగలడంవల్లనో పుండు మానడంవల్లనో నల్లగుడ్డుమీద తెల్లమచ్చ ఏర్పడితే దాన్ని పువ్వు అంటారు. అది కార్నియామీద వచ్చేది. తెల్లగుడ్డునుంచి ముక్కువైపున ఎర్రటి కండ నల్లగుడ్డుమీదికి పాకితే అది వేరే జబ్బు. నలభై దాటాక దగ్గరి అక్షరాలు కనిపించకపోవడం చత్వారం. అది జబ్బే కాదు, అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది. నీటికాసులు అనేది కంటి లోపలి ఒత్తిడితో ముడిపడి, కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు. శుక్లంవల్ల పోయిన చూపు ఆపరేషన్‌తో తిరిగివస్తుంది. నీటికాసులవల్ల పోయిన చూపు తిరిగిరాదు. ఈ చివరి తేడాను బాగా గుర్తుంచుకోండి, మళ్ళీ పనికివస్తుంది.

శుక్లానికి ప్రధాన కారణం వయసు. పొగతాగడం, ఏళ్ళతరబడి తీవ్రమైన ఎండలో పనిచేయడం, మధుమేహం, కంటికి తగిలిన దెబ్బ దాన్ని ముందుకు తెస్తాయి. వైద్యుల సలహా లేకుండా స్టిరాయిడ్ మందులు చాలాకాలం వాడినవారికి కూడా వస్తుంది. కళ్ళు ఎర్రబడినప్పుడల్లా మందుల దుకాణంలో అడిగి చుక్కలు కొనేవారు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదవాలి.

గుర్తించడం ఎలా?

శుక్లం నొప్పి పెట్టదు. చూపు నెమ్మదిగా, నెలలు, సంవత్సరాల మీద తగ్గుతుంది. పొగమంచులోంచి చూస్తున్నట్లు ఉంటుంది. రాత్రివేళ ఎదురుగా వచ్చే లారీ దీపాలు కళ్ళలో పగిలినట్లు చెదురుతాయి. రంగులు వెలిసిపోయినట్లు, పసుపు పట్టినట్లు కనిపిస్తాయి. మా దర్జీ ఆవిడ నీలం చీర అంచుకు నల్లదారం వేసి కుట్టారు. చీర యజమానురాలు తగాదాకు వచ్చేదాకా తేడా తెలియలేదట. అద్దాల నంబరు ఏడాదికోసారి మారుతున్నా అనుమానించాలి.

ఒక లక్షణం మాత్రం జనాన్ని మోసం చేస్తుంది. లెన్సు నడిమి భాగం గట్టిపడే రకం శుక్లంలో కంటికి కొంత హ్రస్వదృష్టి వస్తుంది. దానివల్ల అంతకుముందు అద్దాలు లేనిదే పేపరు చదవలేని మనిషి ఉన్నట్టుండి అద్దాలు లేకుండా చదవగలుగుతాడు. "మా నాన్నకు చత్వారం పోయింది, చూపు తిరిగి వచ్చింది" అని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. నిజానికి వచ్చింది శుక్లం. కొద్దికాలంలో ఈ దగ్గరి చూపూ తగ్గిపోతుంది.

ముదరాలి అనే మాట ఎక్కడిది?

"శుక్లం ఇంకా ముదరలేదు, ముదిరాక చేయించుకోవాలి." ఈ మాట మీరు వినే ఉంటారు. పెద్దలు ఊరికే అనలేదు. వారి కాలానికి అది సరైన సలహాయే. ఎందుకో తెలియాలంటే ఈ ఆపరేషన్ చరిత్ర కొంచెం తెలుసుకోవాలి.

సుశ్రుత సంహితలో శుక్లానికి చేసే శస్త్రచికిత్స వర్ణన ఉంది. ఆ పాత పద్ధతిలో లెన్సును బయటికి తీయరు. సన్నని సూదివంటి పనిముట్టుతో దాన్ని పాపకు అడ్డులేకుండా కంటి లోపలికి నెట్టేస్తారు. వెలుతురు లోపలికి వెళ్తుంది గాని, కంటిలో లెన్సు ఉండవలసిన చోట ఉండదు. ఈ పద్ధతిలో చాలా కళ్ళు చీముపట్టి పోయేవి. మసకబారిన లెన్సును కోసి బయటికి తీసే పద్ధతిని ఫ్రాన్సుకు చెందిన జాక్ డేవియెల్ 1747లో ప్రారంభించాడు. అప్పటినుంచి రెండు వందల ఏళ్ళపాటు తీయడమే గాని, తీసినచోట మరొకటి పెట్టడం లేదు.

లెన్సు లేని కంటికి చూపు కావాలంటే బయట దళసరి అద్దం పెట్టుకోవాలి. అవే సోడాబుడ్డి కళ్ళద్దాలు. వాటితో వస్తువులు పెద్దవిగా, వంకరగా కనిపిస్తాయి. మెట్టు ఒకచోట ఉంటే కాలు మరోచోట పడుతుంది. ఒక కంటికి ఆపరేషన్ చేసి, రెండో కన్ను బాగుంటే రెండు బొమ్మలూ కలవవు. అద్దాలు పగిలితే మళ్ళీ గుడ్డితనమే. ఇంత అవస్థ ఉన్నప్పుడు ఉన్న చూపు పూర్తిగా పోయేదాకా ఆగడమే తెలివైన పని. పైగా ఆనాటి పద్ధతిలో పెద్ద కోత పెట్టి, కుట్లు వేసి, రోగిని రోజులతరబడి కదలకుండా పడుకోబెట్టేవారు. అందుకే "ముదరాలి" అన్నారు.

ఈ పరిస్థితిని మార్చినవాడు లండన్ నేత్రవైద్యుడు హెరాల్డ్ రిడ్లీ. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల అద్దాలు పగిలి, వాటి ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నాయి. ఆ ముక్కలు పెర్‌స్పెక్స్ అనే ప్లాస్టిక్‌వి. వాటిని కన్ను సహించి ఊరుకుందని రిడ్లీ గమనించాడు. అదే రకం పదార్థంతో లెన్సు చేయించి 1949 నవంబరులో ఒక రోగి కంటిలో మొదటిసారి అమర్చాడు. తోటి వైద్యులు చాలాకాలం ఆయనను ఎద్దేవా చేశారు. 1967లో అమెరికాలో చార్లెస్ కెల్మన్ శ్రవణాతీత ధ్వని కంపనాలతో శుక్లాన్ని లోపలే ముక్కలు చేసి పీల్చివేసే పద్ధతి కనిపెట్టాడు. దీన్నే ఫేకో అంటున్నారు. పళ్ళ వైద్యుడు పాచి తీయడానికి వాడే పరికరం చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చింది.

కొత్త లెన్సు చాలాకాలం మన పేదలకు అందలేదు. ధర ఎక్కువ, విదేశాలనుంచి రావాలి. డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో మదురైలో 11 పడకలతో ప్రారంభించిన అరవింద్ నేత్ర వైద్యశాలకు అనుబంధంగా 1992లో ఆరోల్యాబ్ ఏర్పడి, లెన్సులను దేశంలోనే చౌకగా తయారుచేయసాగింది. నేపాల్‌లో డాక్టర్ సందుక్ రూయిత్, 1994లో ఖాట్మండులో ప్రారంభమైన తిల్‌గంగా నేత్రసంస్థ ద్వారా, ఖరీదైన యంత్రం లేకుండా చిన్న కోతతో, కుట్లు లేకుండా చేసే ఆపరేషన్‌ను కొండప్రాంతాల ప్రజలకు అందించారు. మనదేశంలో అంధత్వ నివారణకు జాతీయ కార్యక్రమం 1976లో మొదలైంది. 1994 నుంచి 2002 వరకు ప్రపంచబ్యాంకు సహాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఏడు రాష్ట్రాల్లో జరిగిన పథకం కాలంలో, బడి గదుల్లోనూ డేరాల్లోనూ చేసే శిబిరం ఆపరేషన్లు తగ్గి, ఆసుపత్రిలో లెన్సు అమర్చే ఆపరేషన్లు పెరిగాయి.

ఇంత మారినా ఆగిపోయినవారి సంఖ్య తక్కువేమీ కాదు. 2015-19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో, యాభై దాటినవారి అంధత్వానికి 66.2 శాతం కారణం శుక్లమేనని తేలింది. అంటే చూపు కోల్పోయిన ప్రతి ముగ్గురిలో ఇద్దరిది ఆపరేషన్‌తో నయమయ్యే గుడ్డితనం.

ఇక నిర్ణయం సంగతి

ఈరోజు శుక్లం ముదరవలసిన అవసరం లేదు. అలాగని శుక్లం కనబడగానే ఆపరేషన్ బల్ల ఎక్కవలసిన అవసరమూ లేదు. వైద్యురాలు మా దర్జీ ఆవిడను ఆలోచించుకోమన్నది ఇందుకే. చూపు ఎంత తగ్గిందో ఆమె కొలవగలరు. ఆ తగ్గుదల మీ బతుకుకు ఎంత అడ్డమో మీకే తెలుస్తుంది.

చూపును ఎలా కొలుస్తారో చూడండి. ఆసుపత్రిలో అక్షరాల పట్టికను 6 మీటర్ల దూరంలో ఉంచి చదివిస్తారు. 6/6 అంటే మామూలు చూపు. 6/18 అంటే, మామూలు కన్ను 18 మీటర్ల నుంచి చదవగలిగే అక్షరాన్ని మీరు 6 మీటర్ల దగ్గరికి వస్తేగాని చదవలేరన్నమాట. మా దర్జీ ఆవిడకు ఎడమకంటికి 6/18, కుడికంటికి 6/60 వచ్చాయి. 6/18 చూపుతో ఒక పెద్దాయన అరుగుమీద కూర్చుని మనవలతో హాయిగా కాలక్షేపం చేయవచ్చు. అదే చూపుతో సూదిలో దారం ఎక్కించి పూట గడుపుకోవలసిన మనిషికి ఇబ్బందే. రాత్రిపూట ఆటో నడిపేవాడికైతే ప్రాణాపాయం. పట్టికలోని అంకె ఒక్కటే అయినా నిర్ణయం ఒక్కటి కాదు.

కాబట్టి మొదటి ప్రశ్న: ఈ చూపుతో మీరు చేయలేకపోతున్న పని ఏమిటి? నోటిమాటగా కాదు, కాగితంమీద రాయండి. "బియ్యంలో రాళ్ళు ఏరలేకపోతున్నాను, బస్సు బోర్డు దగ్గరికి వచ్చేదాకా చదవలేకపోతున్నాను, సాయంత్రం గట్టుమీద రెండుసార్లు పడ్డాను" ఇలా. పడిపోవడాన్ని చిన్న విషయంగా తీసుకోకండి. యాభై దాటాక తుంటి ఎముక విరిగితే కంటి ఆపరేషన్‌కన్న చాలా పెద్ద ఆపరేషన్ అవుతుంది.

రెండో ప్రశ్న: కొత్త అద్దాలతో సరిపోతుందా? శుక్లం తొలిదశలో అద్దాల నంబరు మార్చి, పనిచేసేచోట మంచి దీపం పెట్టుకుంటే ఏడాది, రెండేళ్ళు గడిచిపోవచ్చు. సరిపోతున్నంతకాలం ఆగడంలో తప్పు లేదు.

మూడో ప్రశ్నను చాలామంది అడగనే అడగరు. నా చూపు తగ్గడానికి కారణం శుక్లం ఒక్కటేనా? మా బంధువుల్లో ఒకాయనకు పదిహేనేళ్ళుగా మధుమేహం. ఆపరేషన్ చక్కగా జరిగింది, లెన్సు సరిగ్గా కూర్చుంది. చూపు మాత్రం ఆయన ఆశించినంత రాలేదు. మధుమేహం అప్పటికే రెటీనాను దెబ్బతీసింది. ఆ సంగతి ముందే అడిగి తెలుసుకుని ఉంటే ఆయన ఆపరేషన్ మానుకునేవాడని కాదు, ఇంత నిరాశపడేవాడు కాదు. "శుక్లం తీసేస్తే నా కంటికి ఎంతవరకు చూపు రావచ్చు? నా రెటీనా, కంటి నరం ఎలా ఉన్నాయి?" అని అడగడం మీ హక్కు. అడగడానికి మొహమాటపడకండి.

నాలుగోది, ఆగితే నష్టమేమిటి? ఇక్కడ నేను మా మేనమామ సంగతి చెప్పాలి. ఆయన రైతు. కుడికంటిలో శుక్లం ఉందని తెలిసిన ఏడాది పంట చేతికి వచ్చాక చూద్దామన్నారు. మరుసటి ఏడాది కూతురి పెళ్ళి. ఆ తరువాత "ఇంకా ముదరాలిలే, రెండో కన్ను ఉందిగా" అన్నారు. 2004లో ఒక రాత్రి ఆ కంట్లో భరించలేని నొప్పి, ఎరుపు, తలనొప్పి, వాంతులు. పైత్యం చేసిందనుకుని మాత్రలు మింగి రెండు రోజులు ఇంట్లోనే పడుకున్నారు. బాగా ముదిరిన లెన్సు ఉబ్బి, కంటిలోని నీరు బయటికి పోయే దారిని మూసేసింది. కంటి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగింది. ఆసుపత్రికి చేరేసరికి కంటి నరం దెబ్బతిన్నది. శుక్లం తీశారు, నొప్పి పోయింది, చూపు రాలేదు. ఇందాక గుర్తుంచుకోమన్న తేడా ఇదే. ఆగడంవల్ల శుక్లం నీటికాసులుగా మారే సందర్భం ఉంది. అందరికీ ఇలా జరగదు. కాని బాగా ముదిరిన శుక్లం గట్టిపడి, ఆపరేషన్‌ను కూడా కష్టం చేస్తుంది. మధుమేహం ఉన్నవారికి మరో చిక్కు: లెన్సు మసకగా ఉంటే వైద్యులకు దాని వెనుకనున్న రెటీనా కనిపించదు, అక్కడి జబ్బుకు సకాలంలో వైద్యం అందదు.

మీరే రాయండి: మీ ఇంట్లో గాని, ఇరుగుపొరుగున గాని శుక్లం ఉన్న ఒకరిని కలిసి పై నాలుగు ప్రశ్నలూ అడిగి జవాబులు రాయండి. నాలుగో ప్రశ్నకు వారు చెప్పిన జవాబు మీరిప్పుడు చదివినదానితో సరిపోయిందా?

భయాలు, ఖర్చు

"కన్ను బయటికి తీసి బల్లమీద పెట్టి బాగుచేసి మళ్ళీ పెడతారట" అని నన్ను అడిగినవారున్నారు. కన్ను ఎక్కడికీ పోదు. మత్తు చుక్కలు వేసో, కంటి పక్కన ఇంజెక్షన్ ఇచ్చో ఆపరేషన్ చేస్తారు. రోగి మెలకువగానే ఉంటారు. సాధారణంగా అరగంటలోపు అయిపోతుంది, చాలామంది అదేరోజు ఇంటికి వెళ్ళవచ్చు. లెన్సు చుట్టూ ఉండే పలుచని సంచిని ఉంచి, లోపలి మసక పదార్థాన్ని తీసేసి, ఆ సంచిలోనే కొత్త లెన్సును కూర్చోబెడతారు. ఎండాకాలం చేయించుకోకూడదన్న నియమం ఇప్పుడు లేదు.

ప్రమాదమే లేదా అంటే, ఉంది. కంటిలోపల చీము పట్టడం అన్నిటికన్న భయపడవలసినది. చాలా అరుదు, వస్తే మాత్రం చూపు పోవచ్చు. లెన్సు సంచి చిరగడం, రెటీనా ఊడడం కూడా కొందరిలో జరుగుతాయి. అందుకే ఒకేరోజు రెండు కళ్ళకూ చేయకుండా, సాధారణంగా ఒకటి కుదుటపడ్డాక రెండోది చేస్తారు. ఉన్నది ఒక్క కన్నే అయినవారు నిర్ణయానికి ముందు వైద్యునితో ఎక్కువసేపు మాట్లాడాలి.

పద్ధతి విషయానికి వస్తే, ఫేకోలో కోత సుమారు 3 మిల్లీమీటర్లు. యంత్రం లేకుండా చేతితో చేసే చిన్నకోత పద్ధతిలో 6 నుంచి 7 మిల్లీమీటర్లు, దానికీ సాధారణంగా కుట్లు అక్కర్లేదు. ఫేకోలో కన్ను కొంచెం త్వరగా కుదుటపడుతుంది. బాగా గట్టిపడ్డ శుక్లానికి చేతి పద్ధతే మేలని చాలామంది వైద్యులు భావిస్తారు. రెండింటిలోనూ మంచి చూపు వస్తుంది. పేరును బట్టి కాక చేసే చేతి అనుభవాన్ని బట్టి ఎంచుకోమని నా సలహా.

లెన్సు విషయంలో కొంచెం ఆగి ఆలోచించాలి. మామూలు లెన్సు ఒకే దూరానికి సరిపోతుంది. దూరపు చూపుకు పెట్టించుకుంటే చదవడానికి అద్దాలు కావాలి. దగ్గరి చూపుకు పెట్టించుకుంటే దూరానికి అద్దాలు కావాలి. దర్జీ ఆవిడ మొదట దగ్గరి చూపే కావాలనుకున్నారు. తరువాత, కుట్టేటప్పుడు అద్దాలు పెట్టుకోవడం తనకు ఎలాగూ అలవాటేనని, బజారుకు, గుడికి అద్దాలు లేకుండా వెళ్ళవచ్చునని దూరపు లెన్సు కోరారు. రెండు మూడు దూరాలకు పనికివచ్చే లెన్సులూ ఉన్నాయి. వాటికి ధర ఎక్కువ. వాటితో కొందరికి రాత్రిపూట దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తాయి. ఖరీదు పెరిగితే చూపు స్పష్టత పెరుగుతుందనుకోకండి. పెరిగేది ముఖ్యంగా అద్దాలు లేకుండా గడిచే సౌకర్యం. అప్పుచేసి కొనవలసినంత సౌకర్యమా అన్నది మీరు తేల్చుకోవాలి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ, జాతీయ కార్యక్రమం కింద పనిచేసే స్వచ్ఛంద సంస్థల ఆసుపత్రుల్లోనూ లెన్సుతో సహా ఆపరేషన్ ఉచితంగా చేస్తారు. తెలంగాణలో 2018 ఆగస్టు 15న, ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో కంటివెలుగు పేరుతో పరీక్షల కార్యక్రమాలు ప్రారంభమై, చాలామందికి తమకు శుక్లం ఉన్నట్లు మొదటిసారి తెలిసింది. ఆపరేషన్ ఉచితమైనా పోయే కూలి, బస్సు ఖర్చు, తోడు వచ్చేవారి కూలి ఉచితం కావు. వీటికి భయపడి ఎక్కువగా వాయిదా వేసుకునేది ఆడవాళ్ళు. "నేనెక్కడికి పోతాను, ఇంట్లో పనికి ఈ చూపు చాలు" అంటారు. ఇంటివాళ్ళు కూడా సరేనంటారు. పొయ్యిదగ్గర, బావిగట్టుమీద చూపు తక్కువ అవసరమని ఎవరు చెప్పారో నాకు అర్థం కాదు.

ముందు, తరువాత

వెళ్ళేముందు మీరు వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసుకుని తీసుకువెళ్ళి చూపించండి. ముఖ్యంగా రక్తం గడ్డకట్టకుండా వాడే మందులు, మగవారిలో మూత్రం సాఫీగా రావడానికి వాడే టామ్సులోసిన్ సంగతి తప్పక చెప్పాలి. టామ్సులోసిన్‌వల్ల ఆపరేషన్ సమయంలో కంటిపాప సరిగా విప్పారదు. వైద్యునికి ముందే తెలిస్తే జాగ్రత్తపడతారు. మీ అంతట మీరు ఏ మందునూ మానేయకండి. రక్తపోటు, మధుమేహం అదుపులో ఉన్నాయో లేదో చూస్తారు. కంటినుంచి చీము, పుసి కారుతుంటే ముందు అది తగ్గాలి. ఏ నంబరు లెన్సు పెట్టాలో కన్ను పొడవు కొలిచి లెక్కకడతారు.

తరువాత కొన్ని వారాలపాటు చుక్కల మందు వేసుకోవాలి. చేతులు సబ్బుతో కడుక్కునే వేసుకోవాలి. కన్ను నలపకూడదు. వైద్యులు చెప్పేదాకా కంట్లో నీళ్ళు పడేలా తలస్నానం చేయకూడదు. కొత్త అద్దాలకు సుమారు నెల తరువాత పరీక్ష చేస్తారు. ఈ రోజుల్లో నొప్పి పెరిగినా, ఎరుపు ఎక్కువైనా, వచ్చిన చూపు తగ్గినా మర్నాటిదాకా ఆగకుండా అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఆదివారమైనా సరే.

కొందరికి నెలల తరువాతో, ఏళ్ళ తరువాతో చూపు మళ్ళీ మసకబారుతుంది. "శుక్లం మళ్ళీ వచ్చింది, ఆపరేషన్ వృథా" అంటారు. తీసేసిన శుక్లం మళ్ళీ రాదు. కొత్త లెన్సు వెనుకనున్న సంచి మసకబారుతుంది. యాగ్ లేజర్ కిరణాలతో కోత లేకుండా కొద్ది నిమిషాల్లో దాన్ని సరిచేస్తారు.

దర్జీ ఆవిడ కుడికంటికి చేయించుకున్నారు. కట్టు విప్పిన మర్నాడు ఇంటి గోడలు చూసి, సున్నం వేయించి ఎన్నేళ్ళయిందని భర్తను అడిగారట. రెండో కన్ను ఇంకా చేయించుకోలేదు. రెండు కళ్ళకూ కలిపి ఇప్పుడు పని జరిగిపోతోందని, ఆరునెలలకోసారి చూపించుకుంటున్నానని అన్నారు.

ఆలోచించి జవాబు రాయండి

1. 62 ఏళ్ళ రైతుకు కుడికంటితో ఎదుటివారి చేతి కదలిక మాత్రమే తెలుస్తుంది. ఎడమకన్ను బాగుంది. "ఒక కన్ను చాలు" అంటున్నారు.

2. 50 ఏళ్ళ ఉపాధ్యాయినికి రెండు కళ్ళూ 6/9. శుక్లం మొదలైందన్నారు. చదవడానికి, రాయడానికి ఇబ్బంది లేదు. బీమా ఉంది కాబట్టి ఇప్పుడే చేయించేయమని తమ్ముడు అంటున్నాడు.

3. 58 ఏళ్ళ కిరాణా వ్యాపారికి చిట్టా పద్దులు కనిపించడంలేదు, చూపు 6/24. మధుమేహం చాలా ఎక్కువగా ఉంది. "షుగరు తగ్గాక రండి" అన్నారు.

మీ జవాబులు రాశాకే కింది వివరణ చూడండి.

మొదటివారు ఆగకూడదు. మా మేనమామ పరిస్థితి ఇదే. రెండోవారు ఆగవచ్చు. బీమా ఉండడం ఆపరేషన్‌కు కారణం కాదు. ఏడాదికోసారి పరీక్ష చేయించుకుంటే చాలు. మూడోవారికి ముందు రెటీనా పరీక్ష జరగాలి, మధుమేహం అదుపులోకి రావాలి. అయితే "తగ్గాక" అంటే ఎప్పుడు? ఆయన అక్కడే నిలబడి "ఎన్ని వారాల తరువాత మళ్ళీ రావాలి?" అని అడిగి, ఆ తేదీని చీటీమీద రాయించుకుని రావాలి.